అత్తమ్మ కత్తిరించిన అక్షరాలు

మా అత్తమ్మ గొంతు పోయిన ఏడాది మా ఇంట్లో పోట్లాటలు ఆగిపోయాయి. సంతోషించాల్సిన సంగతే గానీ, నాకు మాత్రం పొద్దు గడిచేది కాదు.

ఆమె పేరు నారమ్మ. జహీరాబాద్‌లో మా గల్లీ మొత్తానికి తెల్లవారిందని చెప్పేది ఆమె గొంతే. పాలు పోసేవాడితో మొదలై, నా రొట్టెల మందం మీదుగా, పక్కింటివాళ్ల మేక దాకా వచ్చేది. ఆదివారం చర్చిలో అదే గొంతు పాట ఎత్తుకుంటే డోలక్ వాయించే ఆయన వెంట పరుగెత్తాల్సిందే. "అత్త లేని కోడలు ఉత్తమురాలు" అని నేను అంటే, "కోడలు లేని అత్త గుణవంతురాలు, రెండో ముక్క మింగినవేందే శ్యామలా" అని అందుకునేది. నేను ఒకటంటే ఆమె నాలుగనేది. చెడ్డ మనిషి కాదు, ఊరుకోలేని మనిషి. నేనూ అంతే. అందుకే మాకు కుదిరింది.

వానాకాలంలో గొంతులో గడ్డ అన్నారు. పట్నం దవాఖానలో ఆపరేషన్ చేసి, గడ్డతో పాటు మాట పుట్టే పెట్టెను కూడా తీసేశారు. ప్రాణం దక్కింది, అదే పదివేలు. మెడ కింద చిన్న రంధ్రం, దాని మీద నేను కుట్టిచ్చిన పలుచని మల్లు గుడ్డ. పెదవులు ఆడించేది గానీ, పళ్లు లేని ఆ నోట ఏ మాటా తెలిసేది కాదు.

అత్తమ్మకు చదువు లేకపోలేదు. చిన్నప్పుడు బీదర్ వైపు మేనత్త ఊళ్లో పెరిగి, అక్కడి మిషన్ బడిలో నాలుగు తరగతులు చదివింది. వచ్చినవి కన్నడ అక్షరాలు. ఆమె బైబిలూ కన్నడమే. కోడలిగా ఇటు వచ్చాక బతుకంతా తెలుగులోనే మాట్లాడింది, తెలుగులోనే పాడింది, తెలుగులోనే తిట్టింది. తెలుగు అక్షరాలు మాత్రం నేర్వలేదు. నేర్పిస్తానంటే "ముసలిదానికి మూడో కన్నెందుకే" అనేది.

దవాఖాన నుంచి వచ్చాక, నేను జాకెట్లు కుట్టే మిషను దగ్గరి చాక్‌పీసు తీసుకుని ఇంట్లో పరిచిన తాండూరు బండల మీద రాయడం మొదలుపెట్టింది. రాసి, బండ మీద అరచేత్తో చరిచి, చూడమనేది. చూస్తే మాకేం తెలుస్తుంది. నేను చదివింది తెలుగు బడిలో, మా ఆయన పేరు నర్సింగ్, ఆయనదీ తెలుగు బడే. ఆయన కంపెనీలో హుబ్లీ నుంచి వచ్చిన కన్నడాయన ఒకరుంటే, ఆ రాతను ఫొటో తీసి పంపాడు. "ఇది కన్నడ కాదు భయ్యా, మాటలకు అర్థమే లేదు" అని ఆయన హిందీలో చెప్పాడు. నమ్మలేక ఫోనులో తర్జుమా పెట్టి చూస్తే, "మామిడి గేటు మూసెను" అని వచ్చింది. మా ఇంట్లో మామిడీ లేదు, గేటూ లేదు.

అప్పటి నుంచే మా వాళ్లకు అనుమానం మొదలైంది. దానికి తోడు ఆమె చేష్టలు కూడా అట్లాగే ఉండేవి. కంచం పెడితే పక్కకు నెట్టేది. రాత్రి నర్సింగ్ అన్నానికి కూర్చోగానే ఆయన ముందర బండ మీద ఏదో రాసి చరిచేది. ఆయన తల అడ్డంగా ఊపితే, చాక్‌పీసు విసిరికొట్టి గోడవైపు తిరిగి పడుకునేది. తెల్లారి నేను తడిగుడ్డతో ఇల్లు తుడిచేదాన్ని. ఆ రాతా పోయేది.

న్యాల్‌కల్ నుంచి మా ఆడబిడ్డ శోభారాణి వచ్చి చూసి ఏడ్చింది.

"అన్నా, అమ్మకు తెల్వి తప్పింది. ఆపరేషన్ మత్తు తలకెక్కిందేమో. పట్నంల తలకాయ డాక్టరుకు చూపిద్దాం."

"కోత పండుగ కానియ్యి" అన్నాడు నర్సింగ్. "పండుగ తెల్లారి తీస్కపోత. నెంబరు గూడ రాయించిన."

మనిషి మంచం మీద ఉండగానే ఆమె గురించి మాట్లాడుకుంటున్నాం. వినబడుతుందని ఎవరికీ తోచలేదు. గొంతు లేని మనిషికి చెవులు కూడా ఉండవని అనుకున్నామేమో. అత్తమ్మ పైకప్పు చూస్తూ పడుకుంది.

కోత పండుగ అంటే మా చర్చికి పెద్ద పండుగ. కందులు ఇల్లు చేరాక, జొన్న కంకి వేశాక, అందరూ పంటలో తొలి భాగం తెచ్చి దేవుని ముందు పెడతారు. అంతకుముందు స్త్రీల సమాజం జెండా పట్టుకుని గల్లీలన్నీ తిరిగి వస్తుంది. ఆ జెండా ఏటా అత్తమ్మ చేతిలోనే ఉండేది. పాతది చినిగి పీలికలైంది. ఫ్లెక్సీ కొట్టిద్దామని కిందటేడే ఎవరో అంటే, అప్పటికి గొంతున్న అత్తమ్మ లేచి నిలబడింది. "ఫ్లెక్సీ చావులకు, ఓట్లకు. దేవుని ముందర గుడ్డనే ఉండాలె. మా ఇంట్ల కుడ్తం" అంది. ఆ మాట మీద ఈ ఏడు పాస్టర్ జగన్‌మోహన్ గారు తెల్ల పాప్లిన్ గుడ్డ, అక్షరాలకు ఎర్ర గుడ్డ పట్టుకుని మా ఇంటికి వచ్చారు.

"రెండే మాటలమ్మా" అన్నారు. "దేవునికి వందనాలు. పెద్దగా, దూరం నుంచి కనబడాలె."

తర్వాత అత్తమ్మ వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించారు. "నారమ్మక్కకు ఈసారి తక్లీఫ్ ఎందుకు. జెండా ఇంకెవరికన్న ఇద్దాం, ఏమంటవ్ శ్యామలమ్మా?"

నేను నోరు తెరిచేలోపే అత్తమ్మ మంచం దిగింది. పాస్టరు గారి చేతిలోని గుడ్డ తీసుకుంది, మడిచి నేల మీద వేసింది, దాని మీద కూర్చుంది. పాస్టరు గారు చాయ్ తాగి వెళ్లిపోయారు. ఆ గుడ్డ మీద నుంచి ఆమెను లేపడం నా వల్ల కాలేదు.

అది కందికోత కాలం. ఝరాసంగం దగ్గర మాకు కొంచెం చెలక భూమి ఉంది. కూలీలు దొరకని రోజులు కాబట్టి నేనే కొడవలి పట్టుకున్నాను. ఆ పొద్దున ఇల్లు తుడవకుండానే బయలుదేరుతూ అత్తమ్మకు చెప్పాను.

"జెండకు అంచు మడిచి టాకాలెయ్యి అత్తమ్మా. కర్ర దూరెటంత జాగ ఒక దిక్కు ఇడువు. అక్షరాలు నేనొచ్చి గీసి కోస్త. ఎర్ర గుడ్డ ముట్టకు, గదే ఉన్నది."

ముట్టకు అన్నదాన్ని ముట్టకపోతే ఆమె నారమ్మ ఎందుకవుతుంది.

సాయంత్రం షేరింగ్ ఆటోలో ఒళ్లంతా కంది నూగుతో వచ్చి చూస్తే, తెల్ల గుడ్డ నేల మీద పరిచి ఉంది. నాలుగు వైపులా అంచు, ఒకవైపు కర్రకు గొట్టంలాంటి మడత, టాకాలు ఒక్కటి కూడా వంకరపోలేదు. దాని మీద ఎర్ర అక్షరాలు వరుసగా పేర్చి ఉన్నాయి. ఎర్ర గుడ్డలో మిగిలింది నా చిటికెన వేలంత. అక్షరాలన్నీ కన్నడం.

"గుడ్డంత ఖరాబ్ చేస్తివి కదా అత్తమ్మా" అన్నాను. దుఃఖం, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి. "ఇప్పుడు పాస్టరు గారికి నేనేం చెప్పాలె? నిజంగనే తెల్వి తప్పిందంటరు. అనిపించుకుంటవా?"

ఆమె కత్తెర పక్కన పెట్టి నా మొహం చూసింది. భయపడలేదు. తప్పు చేసిన మనిషి చూపు కాదది. ఎదురుచూస్తున్న మనిషి చూపు.

ఇక చేసేదేముందని నేల మీద కూర్చున్నాను. ఏ అక్షరం ఏ మేరకు కోసి సరిచేయొచ్చో చూద్దామని చాక్‌పీసు తీసుకుని, ఒక్కో ఎర్ర అక్షరం కింద నా తెలుగు అక్షరం గీశాను. మొదటిది 'దే'. ఆమెది కూడా 'ద'నే, పైన ఏత్వం ఉండాల్సిన చోట అడ్డంగా గీత, పక్కన ఒక కొక్కెం. తర్వాత 'వు'. అదే వు. 'ని'. అదే ని. తర్వాతి అక్షరం ఏ జన్మలోనూ చూడనిది. 'వం', సున్నాతో సహా అదే. 'ద', 'నా', 'లు'. జడ వేసుకునే తీరు వేరు గానీ మొహాలు అవే.

నేను చూడని ఆ ఒక్క అక్షరం 'కి' అయి ఉండాలి. 'కి' అయితే, దేవునికి.

అక్కడ నా చేయి ఆగింది. కన్నడం చదవడం రాదు గానీ, అంగట్లో వింటూనే ఉంటాను. బీదర్ వాళ్లు దేవునికి అనరు, దేవరిగె అంటారు. ఇక్కడ ఉన్నది కన్నడం కాదు. అక్షరాలే కన్నడం, మాట తెలుగు. అత్తమ్మ ఇన్ని నెలలుగా రాస్తున్నది తెలుగు.

ఆ హుబ్లీ ఆయన పాపం అబద్ధమేమీ చెప్పలేదు. కన్నడం కాదన్నాడు, కాదు. ఎవరితో మాట్లాడాలనుకుందో వాళ్ల మాటే రాసింది ఆమె, తనకు వచ్చిన అక్షరాల్లో. అంతకంటే తెలివైన పని ఏముంటుంది. తెలివి లేనిది మాకు.

లేచి వంటింట్లోకి వెళ్లాను. పొయ్యి పక్క గోడ మీద ఎప్పటిదో ఒక రాత ఉంది, అడ్డం రాలేదని తుడవలేదు. అక్షరం వెంట అక్షరం కూడబలుక్కున్నాను. ఉ. ప్పు. జా. స్తి.

ఉప్పు జాస్తి.

గొంతు లేకుండా కూడా నా కూరకు వంక పెట్టింది మహాతల్లి. నాకు నవ్వు వచ్చింది, ఆ నవ్వులోనే కళ్ల నీళ్లు వచ్చాయి. అత్తమ్మ గుమ్మంలో నిలబడి చూస్తోంది. నేను గోడ మీద వేలు పెట్టి, "జాస్తి కాదు, సరిగ్గనే ఉండె" అన్నాను. ఎన్ని నెలలకో మొదటిసారి నేను ఆమె మాటకు ఎదురు చెప్పాను. ఆమె గోడకు ఆనుకుని మెల్లగా కూర్చుండిపోయింది. రెండు చేతులతో మొహం కప్పుకుంది. భుజాలు కదులుతున్నాయి. చప్పుడు లేదు.

కాసేపటికి లేచి నా చెయ్యి పట్టుకుని, నర్సింగ్ కూర్చుని తినే చోటుకు తీసుకెళ్లింది. ఇల్లు తుడవలేదు కాబట్టి నిన్నటి రాత ఇంకా బండ మీదే ఉంది. రోజూ ఆయన ముందు రాసేది, నేను రోజూ తుడిచేసేది అదే. రూపం నాకు కంఠతా వచ్చేసింది, అర్థమే తెలియదు. రెండు మాటలు. ప్రతి మాటలో మొదటి అక్షరం తెలియలేదు. అవి వదిలేసి చదివితే, 'యామల', 'న్నదా' అని వచ్చింది. ఇంకోసారి చదివాను. మొదటిది నా పేరని తెలిశాక రెండోది దానంతట అదే తెలిసింది.

శ్యామల తిన్నదా.

అత్తమ్మ నా పక్కన కూర్చుని, తన కంచాన్ని ఎట్లా పక్కకు నెట్టేదో మళ్లీ నెట్టి చూపించింది. నెట్టింది నా వైపుకు. ఎప్పుడూ నా వైపుకే నెట్టింది.

రాత్రి నర్సింగ్ వచ్చి అన్నానికి కూర్చున్నాడు. అత్తమ్మ వచ్చి బండ చరిచింది. ఆయన అలవాటుగా నిట్టూర్చి తల ఊపబోయాడు.

"ఆగు" అన్నాను. "నేను చదువుత, ఇను. శ్యామల తిన్నదా అని అడుగుతున్నది నిన్ను."

"ఏందీ?"

"రోజు గదే అడిగింది. నువ్వు లేదని తల ఊపుతివి. నన్ను పస్తు పెడుతున్నవని ఆమె కోపం."

ఆయన బండ వంక చూశాడు, తల్లి వంక చూశాడు. ముందున్న కంచం నా వైపుకు జరిపి, "నువ్వు తిను ముందుగాల" అన్నాడు. ఆ తర్వాత తల్లి పాదాల దగ్గర కూర్చుని, "అమ్మా, మమ్ముల మాఫ్ చెయ్యి. తలకాయ డాక్టరు వద్దు, ఏం వద్దు" అన్నాడు. అత్తమ్మ చాక్‌పీసు అందుకుని గబగబా రాసింది. నేను కొంత చదివి, కొంత ఊహించి, తెలియని చోట ఆమె పెదవులు చూసి చెప్పాను.

"నెంబరు తీసెయ్యకు, మీ చెల్లె తలకాయ చూపియ్యి అంటున్నది."

ఆయన నవ్వబోయి ఏడ్చేశాడు. మర్నాడు శోభారాణికి ఫోను చేసి చెప్పాను. "వదినా, అమ్మ ఇంక ఏమేం రాసింది?" అని మాత్రం అడిగింది. ఏం చెప్పను. చాలావరకు నేనే తడిగుడ్డతో తుడిచేశాను.

జెండాను మార్చలేదు. అత్తమ్మ కోసిన ఎర్ర అక్షరాలను మైదా జిగురుతో అతికించి, ఆరాక చుట్టూ మిషను కుట్టు వేశాను. దానికి వెనుక ఇంకో తెల్ల గుడ్డ జోడించి, అటువైపు నా పచ్చ జాకెట్టు గుడ్డతో తెలుగు అక్షరాలు పెట్టాను. ఒకవైపు ఆమె రాత, ఒకవైపు నా రాత, మాట ఒక్కటే. కుట్టినన్ని రోజులూ నేను అక్షరం అడగడం, ఆమె చాక్‌తో గీయడం, నేను తప్పు చదివితే నా వేళ్ల మీద కొలత కర్రతో కొట్టడం. కన్నడ 'త' దగ్గర ఎన్ని దెబ్బలు తిన్నానో. పోట్లాటలు మళ్లీ మొదలయ్యాయి. ఆమె రాసేలోపు నేను రెండు మాటలు ఎక్కువ అనేదాన్ని, అది అన్యాయమని ఆమె పెద్ద అక్షరాలతో రాసేది. నర్సింగ్ ఇద్దరినీ చూస్తూ చాయ్ తాగేవాడు. దేవుడా, ఈ ఇంట్లో మళ్లీ చప్పుడు పెట్టావు, చాలు అనుకునేదాన్ని.

పాస్టరు గారు వచ్చి జెండాను ఇటు తిప్పి అటు తిప్పి చూశారు. నేను జరిగిందంతా చెప్పాను. ఆయన అత్తమ్మ ముందు చేతులు జోడించి, "జెండ నీదే నారమ్మక్కా" అన్నారు. నాదే అన్నట్టు ఆమె తల ఎగరేసింది. అంతకుముందే కర్రకు నూనె రాసి పెట్టుకుంది.

పండుగనాడు ఊరేగింపులో అత్తమ్మే ముందు నడిచింది. గాలి ఉన్న రోజు. జెండా ఒకసారి ఎర్రగా, ఒకసారి పచ్చగా తిరుగుతుంటే, గల్లీలో వాళ్లు ఆగి చూశారు. పాట ఎత్తుకోవడానికి ఆమె గొంతు లేదు, అందుకని ఎవరెవరో ఎత్తుకున్నారు, శ్రుతి కుదరలేదు. ఆమె వెనక్కి తిరిగి మూతి విరిచింది. ఆ విరుపుకు అందరూ సర్దుకుని గట్టిగా పాడారు.

చర్చిలో జొన్న కట్టలు, గుమ్మడికాయలు, కందుల సంచులు, కాళ్లు కట్టిన కోళ్లు. సాక్ష్యాల వంతు వచ్చింది. ఆ ఏడు దేవుడు చేసిన మేలు ఎవరికి వాళ్లు లేచి చెప్పాలి. అత్తమ్మ లేచింది. ఆమె జెండాను గోడకు ఆనించి, పిల్లల ఆదివారపు బడి బోర్డు దగ్గరకు వెళ్లి చాక్‌పీసు తీసుకుంది. రాస్తూ నా వైపు చూసి, రమ్మని వేలితో పిలిచింది. వెళ్లి పక్కన నిలబడ్డాను. ఇంత మందిలో తప్పు చదివితే ఆమె చేతిలో ఏ కర్ర ఉందో అని చూసుకున్నాను.

"చావు నోట్లకెళ్లి బయటపడ్డ" అని చదివాను.

తర్వాతి వరుస. "దేవుడు నా నోరు తీసుకుండు. తీసుకపోయి నా కోడలి నోట్ల పెట్టిండు."

జనం నవ్వడం మొదలుపెట్టారు. ఆమె ఆగలేదు. "ఇప్పుడు దానికి రెండు నోర్లు. మీరు జర పైలం."

చర్చి అంతా నవ్వింది. ముందు వరుసలో శోభారాణి నవ్వుతూ కళ్లు తుడుచుకుంటోంది. అత్తమ్మ నవ్వు తగ్గేదాకా ఆగి, కింద ఇంకొక్క వరుస రాసి, చాక్‌పీసు పెట్టేసింది. నేను చూశాను. రెండే మాటలు. రెండూ నాకు బాగా వచ్చినవే. నోరు మాత్రం రాలేదు. ఆమె నా భుజం మీద తట్టింది, చదువు అన్నట్టు. నేను తల అడ్డంగా ఊపాను.

అప్పుడు మగవాళ్ల వైపు నుంచి నర్సింగ్ లేచాడు. ఆయనకు ఆ అక్షరాలు నేర్పినవాళ్లు ఎవరూ లేరు. ఆయనకు తెలిసిన మాటలు రెండే. ఒకటి రోజూ తన కంచం ముందు చూసింది, ఇంకోటి జెండా మీద చూసింది. వేలు గాలిలో ఆడిస్తూ, ఒక్కో అక్షరం పట్టుకుని చదివాడు.

"శ్యా... మలకు... వందనాలు."

చర్చి మొత్తం నా వైపు తిరిగి, "వందనాలు" అంది.

మా దగ్గర వందనాలు అంటే తిరిగి వందనాలు అనాలి, అది పద్ధతి. అనకపోతే తప్పు. రెండు నోర్లున్న దాన్ని, ఒక్కటీ పెగల్లేదు. అత్తమ్మ నా అవస్థ చూసింది. గోడకు ఆనించిన జెండా తెచ్చి కర్ర నా చేతిలో పెట్టింది. నేను దాన్ని రెండు చేతులతో పైకెత్తి, ఆమె కత్తిరించిన వైపు జనానికి తిప్పాను.